‘బాగుండా’ అనే మాట వెనక

పోయిన దీపావళి అయిన రెండో ఆదివారం, మా ఆదోనిలో ఒక కల్యాణ మండపంలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ కోసమని ఉచిత వైద్య శిబిరం పెట్టారు. బీపీ, షుగరు, రక్తపరీక్ష, ఈసీజీ అన్నీ చేస్తారంటే మా ఆయన్నీ, మా తోడికోడల్నీ నేనే పోరుపెట్టి పంపించాను. మా ఆయన ఇరవై ఏడేళ్ళుగా ఇక్కడే ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తారు. మా తోడికోడలు ఎమ్మిగనూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. పర్మనెంటు కాదు, అవుట్‌సోర్సింగు. రోజూ పొద్దున బస్సులో పోయి రాత్రికి వస్తుంది. మేము కింద, వాళ్ళు పైన, ఒకే ఇల్లు.

బుధవారం రిపోర్టులు వచ్చాయి. శిబిరంలో వాళ్ళు నింపిన ఫారాలు కూడా రిపోర్టులకు పిన్ను కొట్టి ఇచ్చారు. అన్నం తిన్న తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకొని చూశాను. ఫారంలో మొదటి ప్రశ్న ఇది: ‘మొత్తం మీద మీ ఆరోగ్యం ఎలా ఉందని మీరు అనుకుంటున్నారు?’ కింద నాలుగు గళ్ళు. చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు.

మా ఆయన ‘బాగాలేదు’ దగ్గర టిక్కు పెట్టారు. ఆయన రిపోర్టు చూస్తే బీపీ సరిగ్గా ఉంది, షుగరు లేదు, కొవ్వు లేదు, ఈసీజీలో ఏమీ లేదు. యాభై ఒకటేళ్ళ మనిషికి అంతకంటే మంచి రిపోర్టు రాదు.

మా తోడికోడలు ‘చాలా బాగుంది’ దగ్గర టిక్కు పెట్టింది. ఆమె హిమోగ్లోబిన్ 7.8. ఆడవాళ్ళకు 12 ఉండాలి.

నేను ఆ రోజు చేసిన పని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మా ఆయన్ను చూసి నవ్వాను. “రిపోర్టు బంగారం లాగుంటే మీకేం రోగమండీ, ఊరికే బాగాలేదు బాగాలేదని!” అన్నాను. తోడికోడల్ని కేకలేశాను. “డిగ్రీ చదివినావు, ఒంట్లో రక్తం లేదనే సంగతి తెలీదా?” అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. ఆమె నవ్వి, “నాకేమక్కా, గుండ్రాయి మాదిరుండా. మాత్రలు మింగితే సరిపోతాది లే” అని పైకి పోయింది.

ఇద్దరూ తప్పు టిక్కు పెట్టారని నేననుకున్నాను. ఈ నాలుగు నెలల్లో నాకు తెలిసిందేమంటే, ఇద్దరూ నిజమే రాశారు. వాళ్ళు దేనికి మార్కులు వేస్తున్నారో నాకే అర్థం కాలేదు.

మా అమ్మాయి కర్నూల్లో నర్సింగు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్తే, “అమ్మా, అది పనికిమాలిన ప్రశ్న కాదు. ప్రపంచమంతా అడిగే ప్రశ్న” అంది. తన పుస్తకాల్లో ఉన్నవి కొన్ని చదివి వినిపించింది. 1982లో కెనడాలోని మానిటోబాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళ మీద చేసిన ఒక పరిశీలన అచ్చయింది. డాక్టర్ల లెక్కలో ఎట్లా ఉన్నా సరే, తమ ఆరోగ్యం బాగాలేదని తామే చెప్పుకున్నవాళ్ళు తర్వాత ఏళ్ళలో తొందరగా చనిపోయారట. 1997లో ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యామిని అనే ఇద్దరు ఆడవాళ్ళు అట్లాంటి పరిశీలనలు 27 తీసుకొని చూస్తే, దాదాపు అన్నిట్లోనూ అదే తేలిందట. అంటే సూదికీ మిషనుకూ అందనిది ఏదో మనిషికి తన ఒంటి గురించి తెలుస్తుందన్న మాట.

అది విన్నాక నాకు గుండెలో కలుక్కుమంది. నేను నవ్విన టిక్కు అది.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. డాక్టరు సంగతులు తెలియవు గాని మాటల సంగతి కొంచెం తెలుసు. ఆరోగ్యం అంటే రోగం లేకపోవడం. స్వస్థత అంటే వేరే. స్వ అంటే తాను, స్థ అంటే ఉండడం. తనలో తాను నిలకడగా ఉండడం స్వస్థత. రెండు మాటల్నీ మనం ఒకే అర్థంలో వాడేస్తాం. మా ఆయన రిపోర్టు మొదటి మాటకు జవాబు. ఆయన పెట్టిన టిక్కు రెండో మాటకు జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1948 నుంచీ ఇదే చెప్తోంది, జబ్బు లేనంత మాత్రాన ఆరోగ్యం ఉన్నట్టు కాదని.

మరి ఆయన నిలకడ ఎక్కడ పోయింది?

ఆదోని గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. మాది పత్తి ఊరు. దసరా దాటినాక యార్డుకు పత్తి రావడం మొదలైతే సంక్రాంతి దాటేదాకా ఊరంతా బండ్లు, లారీలు, గాలిలో దూది. ఆ నాలుగు నెలలు మిల్లుల్లో లెక్కలు రాసేవాళ్ళకు పగలూ రాత్రీ తేడా ఉండదు. అది కొత్త కాదు. మా పెళ్ళయిన కొత్తలో కూడా సీజన్లో రాత్రి పదింటికి వచ్చేవారు. అయినా అప్పుడు ‘బాగాలేదు’ అనే మాట ఆయన నోట వినలేదు. చిట్టా, ఆవర్జా అన్నీ ఆయన చేతిలో ఉండేవి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఏ బేరగాడికి ఎప్పుడు పంపాలి, ముందు ఏ పని వెనక ఏ పని అనేది ఆయనే అనుకొని చేసేవారు. సేటు వచ్చి “ఏమప్పా, లెక్క కుదిరిందా?” అని అడిగి పోయేవాడు.

ఇప్పుడు పని తగ్గింది అనే చెప్పాలి. కంప్యూటరు కూడికలు చేస్తుంది. కాని ఏ కాగితం కదలాలన్నా ఫోన్లో ఒకరు సరే అనాలి. రాత్రి పదకొండింటికి వాట్సాపులో ‘ఇది ఎందుకు ఇట్లుంది?’ అని వస్తుంది. జవాబు ఇవ్వకపోతే నీలం గీతలు చూసి మళ్ళీ ఫోను. తప్పు జరిగితే ఆయనది, నిర్ణయం మాత్రం ఆయనది కాదు. ఫోను దిండు కింద పెట్టుకొని పడుకుంటారు. రెండింటికి లేచి కూర్చుంటారు. అడిగితే “ఏం లేదు, పడుకో” అంటారు. ఈ నిద్రలేమి ఏ రక్తపరీక్షలో కనిపిస్తుంది?

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదని అమ్మాయి చెప్పిన ఇంకో సంగతి వల్ల తెలిసింది. లండన్లో వైట్‌హాల్ అనే వీధి చుట్టూ ప్రభుత్వ ఆఫీసులున్నాయట. 1967లో అక్కడి మగ ఉద్యోగులు సుమారు 18,000 మందిని తీసుకొని ఏళ్ళ తరబడి గమనించారు. పెద్ద ఆఫీసర్లకే ఒత్తిడి ఎక్కువ, గుండెజబ్బులు వాళ్ళకే వస్తాయని అందరం అనుకుంటాం కదా. తేలింది తలకిందులుగా. అట్టడుగున ఉన్న బంట్రోతుల్లో గుండెజబ్బు చావులు పై ఆఫీసర్లకంటే సుమారు మూడు రెట్లు. సిగరెట్లు, కొవ్వు లెక్కేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఎవరూ పస్తులున్నవాళ్ళు కారు, అందరూ నెల జీతగాళ్ళే. 1985లో మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఆడవాళ్ళను కూడా కలుపుకొని 10,308 మందిని చూశారు. మైకేల్ మార్మట్ అనే డాక్టరు దీన్ని నడిపించారు. తన పని మీద తనకు ఎంత పట్టు ఉంది అనేది ఒక పెద్ద కారణమని అందులో తేలింది. పని ఎక్కువ ఉండడం ఒక బాధ. పని ఎక్కువ ఉండి, అందులో తన మాట చెల్లకపోవడం ఇంకో బాధ. మనిషిని లోపల తినేది ఈ రెండోది.

నాకు మా నాయన గుర్తొచ్చారు. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. చేనేత ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. మా నాయన గుంత మగ్గం మీద నేసేవారు. చూపు తగ్గింది, నడుము వంగింది, దగ్గు ఉండేది. ఎవరైనా “ఎట్లుండావప్పా?” అంటే “బాగుండా” అనేవారు. పొద్దున లేచి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టగలిగితే బాగున్నట్టు, లేకపోతే లేనట్టు. ఆయన కొలబద్ద అదొక్కటే. కాని ఆ మగ్గం ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు లేచి టీ తాగాలో ఆయన చేతిలో ఉండేది. కష్టం తక్కువేం కాదు, కూలి ఎప్పుడూ చాలలేదు. ఆ బతుకు బంగారమని నేననను. అయినా అన్ని నొప్పుల మనిషి ‘బాగుండా’ అనడానికీ, ఏ నొప్పీ లేని మా ఆయన ‘బాగాలేదు’ అనడానికీ మధ్య ఈ పట్టు అనేది ఎక్కడో ఉంది.

ఇక మా తోడికోడలి సంగతి.

ఆమె టిక్కు వెనక ఏముందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎందుకంటే ఆమె ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఒకరోజు మేడమీద ఒడియాలు పెడుతూ మెల్లగా అడిగాను. “ఆయాసం రావడం లేదా నీకు?” అన్నాను.

“మెట్లెక్కితే వస్తాది అక్కా. ఎవరికి రాదు?”

“కళ్ళు తిరగడం?”

“బస్సులో నిలబడితే తిరుగుతాయి. ఎండ కదా.”

“మరి చాలా బాగుంది అని ఎందుకు పెట్టినావు?”

ఆమె ఒడియం పెట్టడం ఆపి కాసేపు ఆలోచించింది. “మా అమ్మ ఇప్పటికీ పత్తి ఏరడానికి కూలికి పోతాది. నేను ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంటా. నాది బాగలేదంటే మా అమ్మది ఏమనాల?” అంది.

అది ఒక కారణం. మాటల్లో మాటగా ఇంకా వచ్చాయి. ఆ ఫారం ఆఫీసుకు పోతుందేమోనని భయం. ఏడాదికోసారి కాంట్రాక్టు తిరగరాస్తారు. ‘ఈ అమ్మాయికి ఒళ్ళు బాగుండదంట’ అనే పేరు పడితే తిరగరాసే రోజున ఎవరు గుర్తుపెట్టుకుంటారో తెలియదు. సెలవు పెడితే జీతం కోత. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి లోను. ఆపైన ఒకటి చెప్పింది, నాకు తగిలింది. “నేను పడుకుంటే పని నీ నెత్తిన పడతాది అక్కా. నీవు ఏమీ అనవు. అదే నాకు భారం.”

ఇవేవీ ఫారంలో రాయడానికి గడి లేదు. ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టినప్పుడు ఆమె తన ఒంటి గురించి రాయలేదు. ‘నేను జబ్బు పడడానికి వీల్లేదు’ అని రాసింది.

ఇట్లాంటిది మన దేశంలో ఎనభై ఏళ్ళ కిందటే లెక్కకు దొరికింది. 1943లో బెంగాల్లో కరువొచ్చి లక్షల మంది చనిపోయారు. మరుసటి ఏడాది కలకత్తా దగ్గర సింగూరులో, అక్కడి అఖిల భారత ఆరోగ్య సంస్థ వాళ్ళు భార్యలు పోయిన మగవాళ్ళనూ భర్తలు పోయిన ఆడవాళ్ళనూ ఆరోగ్యం ఎట్లుందని అడిగారు. మగవాళ్ళలో దాదాపు సగం మంది జబ్బుగా ఉన్నామనో, అంతంత మాత్రంగా ఉన్నామనో చెప్పారు. ఆడవాళ్ళలో అట్లా చెప్పినవాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు. కరువులో, మొగుడు పోయి, ఆ కాలంలో విధవగా బతికే ఆడది ‘బాగున్నా’ అంది! అమర్త్య సేన్ గారు ఈ లెక్కను తన పుస్తకంలో ఎత్తి చూపించారు. ఆ ఆడవాళ్ళు అబద్ధం చెప్పలేదు. తమ బాగోగుల గురించి ఎవరో అడుగుతారని, అడిగితే చెప్పుకోవచ్చని వాళ్ళకు తోచలేదు, అంతే.

2002లో ఆయనే ఇంకొకటి రాశారు. మన దేశంలో ఎక్కువ కాలం బతికేది కేరళ వాళ్ళు. మాకు జబ్బుగా ఉందని ఎక్కువగా చెప్పేదీ వాళ్ళే. బీహారులో ఆయుష్షు తక్కువ, జబ్బుందని చెప్పేవాళ్ళు కూడా తక్కువ. చదువూ ఆసుపత్రీ దగ్గరున్నవాళ్ళకు తమ ఒంటి మాట వినిపిస్తుంది. అవి లేనివాళ్ళు అలసటను కూడా బతుకులో భాగమే అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. మగవాళ్ళలో నూటికి 25. సగానికి పైగా ఆడవాళ్ళకు ఒకే జబ్బు ఉంటే అది జబ్బులా కనిపించదు. ఆడవాళ్ళంటే అట్లే ఉంటారు అనిపిస్తుంది. మెట్లెక్కితే ఎవరికి రాదు ఆయాసం, అన్నది మా తోడికోడలు. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వస్తుంటే ఆమె తప్పేముంది?

ఆఫీసుకు పోయే ఆడవాళ్ళ రోజు ఎట్లుంటుందో కూడా చూడండి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు ముప్పై కిలోమీటర్లు. బస్సులో గంట. పొద్దున ఐదింటికి లేచి, పిల్లల క్యారియర్లు కట్టి, ఏడున్నర బస్సుకు పరుగెత్తే మనిషి ఏం తింటుంది? ఒక గ్లాసు టీ. దారిలో, ఆఫీసులో బాత్రూముకు ఇబ్బందని నీళ్ళు కూడా తాగదు. మా తోడికోడలు పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నీళ్ళు తాగేది కాదని నాకు మొన్నటిదాకా తెలియదు. మధ్యాహ్నం చల్లారిన జొన్నరొట్టె, దాని వెంట మళ్ళీ టీ. అన్నంతో పాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదని డాక్టరమ్మ చెప్పినాకే తెలిసింది. బహిష్టు రోజుల్లో గంటగంటకూ గుడ్డ మార్చుకోవాల్సినంత రక్తం పోతున్నా, ఆఫీసులో ఎవరికి చెప్తుంది, ఎట్లా చెప్తుంది?

ఇక్కడ మా అత్తమ్మ మాట కూడా చెప్పాలి. “ఈ టెస్టులే జబ్బులు తెచ్చేది. చూసుకోకుండా ఉంటే అందరూ బాగుండేవాళ్ళే” అంటుంది ఆమె. కొట్టిపారేయలేను. మా వీధిలో ఒక టీచరు గారికి బీపీ ఉందని చెప్పిన రోజు నుంచి మంచం దిగడం తగ్గించేశారు, ముందురోజు దాకా రణమండల కొండ ఎక్కి ఆంజనేయస్వామిని చూసి వచ్చిన మనిషి. 1978లో కెనడాలో ఉక్కు కార్మికుల మీద చేసిన ఒక పరిశీలనలో కూడా, బీపీ ఉందని చెప్పినాక వాళ్ళు పనికి నాగా పెట్టడం ఎక్కువైందని తేలిందట. పేరు పెడితే జబ్బుకు కాళ్ళొస్తాయి, నిజమే. అయినా నేను అత్తమ్మతో ఒప్పుకోను. పేరు పెట్టి వదిలేయడం తప్పు. పేరు పెట్టి, ఇది ఇట్లా తగ్గుతుంది అని పక్కన నిలబడి చెప్పాలి. పేరే పెట్టకపోతే 7.8 కాస్తా 6 అయ్యేది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను, ఇంట్లో ఉండే ఆడవాళ్ళ సంగతికి. ఆఫీసు వాళ్ళ ఆరోగ్యం గురించి మాట్లాడుతూ మనమెందుకు అనుకోవచ్చు. ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆశా వర్కరు వచ్చినా, ఏ సర్వే వాళ్ళు వచ్చినా పగటి పూటే వస్తారు. అప్పుడు ఇంట్లో ఉండేది ఎవరు? నేను. “ఇంట్లో ఎవరికైనా జబ్బులున్నాయా అమ్మా?” అంటే, పొయ్యి మీద కూర మాడుతుందనే తొందరలో “అందరూ బాగున్నారు” అని చెప్పి పంపించిన రోజులు ఎన్నో. మా ఆయన తరఫున, మరిది తరఫున, తోడికోడలి తరఫున నేనే టిక్కు పెట్టాను. ఆమెకు రక్తం తగ్గుతున్న రోజుల్లో కూడా ‘బాగుంది’ అని రాయించింది నేనే. కాగితాల్లోకి పోయే ‘బాగున్నారు’ల్లో ఎన్ని మనలాంటివాళ్ళ నోటి మాటలో!

ఇంకొకటి. వైట్‌హాల్ వాళ్ళ రెండో పరిశీలన నుంచి 2004లో ఒక సంగతి వచ్చిందట. ఇంట్లో తన మాట చెల్లదు అనుకునే ఆడ ఉద్యోగుల్లో గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. మగవాళ్ళలో ఇంటి సంగతికీ గుండెకూ అట్లాంటి లంకె కనిపించలేదు. అంటే ఆడమనిషి ఆఫీసుకు పోయినా ఆమె ఆరోగ్యం సగం ఇంట్లోనే తేలుతుంది. ఆఫీసులో పై అధికారిని మనం మార్చలేం. ఇంట్లో ఆమెకు ఒక పూట పడుకునే హక్కు ఉందా లేదా అన్నది మన చేతుల్లో ఉంది. నేను ఏమీ అననని ఆమె చెప్పింది కదా. ఏమీ అనకపోవడం చాలదు. ‘పడుకో’ అని నోరు తెరిచి అనాలి.

అందుకే నా అభిప్రాయం ఇది. ‘ఆరోగ్యం ఎట్లుంది?’ అని అడగడం మానొద్దు, కాని వచ్చిన జవాబుతో తృప్తిపడొద్దు. ‘బాగాలేదు’ అంటే రిపోర్టు చూపించి నోరు మూయించొద్దు. ‘బాగుండా’ అంటే సరేనని వదిలేయొద్దు. నేను ఇప్పుడు మా ఇంట్లో మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. రాత్రి ఎంతసేపు నిద్రపోయావు? ఈ వారంలో కూర్చొని నిదానంగా తిన్న పూటలు ఎన్ని? రేపు నువ్వు లేవలేకపోతే ఏమవుతుందని భయం? మూడో ప్రశ్నకు జవాబు వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగితే, వాళ్ళు ఏ గడిలో టిక్కు పెట్టినా మనకు సంగతి తెలిసినట్టే.

ఆఫీసులు నడిపేవాళ్ళను కూడా నేను గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. శిబిరం పెడితే ఆ కాగితాలు పై అధికారి చేతికి పోవని ముందే చెప్పండి. ఆడవాళ్ళకు తలుపు సరిగా పడే బాత్రూము ఒకటి ఉంచండి. పరీక్షకు పోవడానికి ఒక పూట జీతం కోయకండి. రాత్రి తొమ్మిది దాటినాక ఫోను చేయకండి. వీటికి అయ్యే ఖర్చెంత?

నాలుగు నెలలైంది. మా తోడికోడల్ని డాక్టరమ్మకు చూపించాం. గర్భసంచిలో గడ్డ ఉందని, దానివల్లే అంత రక్తం పోతోందని తేలింది. మందులు, ఇనుము మాత్రలు వాడుతోంది. ఇప్పుడు హిమోగ్లోబిన్ 10.9. పొద్దున క్యారియర్లు నేను కడుతున్నాను. మరిది బట్టలు ఉతకడం నేర్చుకున్నాడు. మొదట్లో అత్తమ్మ మూతి తిప్పింది, ఇప్పుడు అలవాటు పడింది.

మా ఆయన సంగతి అంత బాగా తేలలేదు. ఫోను మాత్రం రాత్రుళ్ళు హాల్లో పెడుతున్నారు. ఆ మొదటి వారం మాట పడాల్సి వచ్చిందట, ఎవరి చేత ఏమని అనేది నాకు చెప్పలేదు. సీజను తగ్గుముఖం పట్టింది కాబట్టి కొంచెం నిద్రపోతున్నారు. వచ్చే దసరాకు మళ్ళీ చూడాలి. నేను మాత్రం రిపోర్టు చూపించి నవ్వడం మానేశాను.

మొన్న ఆదివారం అమ్మాయి వచ్చి, ఆ పాత ఫారంలో ఉన్న ప్రశ్నే మా తోడికోడల్ని మళ్ళీ అడిగింది. ఆమె కొంచెం ఆలోచించి, “పర్వాలేదు” అంది. “నడుము నొప్పి ఉండాది, బహిష్టప్పుడు ఇంకా నీరసమే. మొత్తం మీద పర్వాలేదు.”

రక్తం 7.8 ఉన్నప్పుడు చాలా బాగుండేది. 10.9కి పెరిగినాక పర్వాలేదు! మా అత్తమ్మ అదే అంది, “చూసినావా, మందులు మింగి ఇంకా చెడిపోయింది” అని. నాకు మాత్రం ఆ ‘పర్వాలేదు’ వినగానే ప్రాణం లేచొచ్చింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆమె తన ఒంట్లో నొప్పి ఉందని ఈ ఇంట్లో గట్టిగా చెప్పడం అదే మొదటిసారి.

మీ ఇంట్లో రోజూ బస్సెక్కి పోయే మనిషిని ఈ రాత్రి అడిగి చూడండి. ‘బాగుండా’ అంటే ఇంకో మాట అడగండి.